సీల తీసిన బండి

ఆదివారం వచ్చిందంటే చాలు, జీపులాంటి బండి కొనుక్కున్న కుర్రాళ్ళకు ఇంట్లో కాళ్ళు నిలవవు. నున్నటి తారురోడ్డు వాళ్ళ కంటికి ఆనదు. ఎర్రరాళ్ళ మిట్ట కావాలి, నల్లరేగడి బురద కావాలి, వాగు గట్టు కావాలి. మా సంగారెడ్డి జిల్లాలో ఈ మూడింటికీ కొదవ లేదు. పోతే పోయారు, పొద్దుగూకేసరికి వస్తారని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు. కాని వాళ్ళను పీడించే సందేహం మరొకటి వున్నది. లక్షలు పోసి కొన్న బండి కిందికి దూరి, మనవాడు పానా పెట్టి విప్పి పారేస్తున్నదేమిటి? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

వాడు విప్పేది స్వే బార్ అనే కడ్డీని. మన మెకానిక్కులు స్టెబిలైజర్ బార్ అంటారు. వేలెడు లావు ఉక్కుకడ్డీని బండికి అడ్డంగా పెట్టి, రెండు కొసలూ ఒకే వైపుకు వంచుతారు. చాలా బళ్ళలో దాని నడుము రబ్బరు బుష్షులలో చాసీని పట్టుకుని వుంటుంది. కొసలు మాత్రం చెరొక చిన్న లింకు ద్వారా ఎడమ చక్రం వైపు ఒకటి, కుడి చక్రం వైపు ఒకటి తగులుకుంటాయి. రెండు చక్రాలూ ఒక్కసారే స్పీడ్ బ్రేకరు ఎక్కాయనుకోండి, ఈ కడ్డీకి పనే లేదు. బుష్షుల్లో ఇంత తిరిగి ఊరుకుంటుంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడే దాని ప్రజ్ఞ తెలుస్తుంది. ఒక కొస పైకి, ఒక కొస కిందికి పోబోయేసరికి కడ్డీ మెలిపడుతుంది. మెలిపడిన ఉక్కు ఊరుకోదు కదా, తిరిగి సాపు కావాలని పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటే బండిని మరీ ఒరగనీయకుండా నిలబెడుతుంది. ఇందులో లావుకు వున్న విలువ ఆశ్చర్యంగా వుంటుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 మిల్లీమీటర్లది పెడితే, పెరిగిన లావు రెండే మిల్లీమీటర్లు; పెరిగిన బిగువు నూటికి 46 పాళ్ళు.

తారురోడ్డు మీద ఇంత ఉపకారం చేసే కడ్డీ రాళ్ళలోకి దిగేసరికి అపకారి అవుతుంది. ఒకే కాడికి కట్టిన ఎద్దుల జతను తలచుకోండి. ఒక ఎద్దు గట్టెక్కుతుంటే, రెండోది గుంటలోకి దిగాలి. కాడి దిగనీయదు. అలాగే కుడి చక్రం బండరాయి ఎక్కితే, ఎడమ చక్రం నేలను అంటుకుని వుండకుండా గాలిలోకి లేస్తుంది. నేలను వదిలిన చక్రానికి పట్టు ఎక్కడిది? అది గాలిలో గిరగిర తిరుగుతుంది, బండి అక్కడే వుంటుంది. అందుకని రాళ్ళ నేల వచ్చినప్పుడు కాడి విప్పుతారు. అంతే ఇందులోని రహస్యం.

కాడి లేని బండి ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. ఎద్దుమైలారంలో 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారంలో మన సైన్యానికి ‘శరత్’ అనే యుద్ధవాహనాలు తయారయినాయి. వాటికి పక్కకు ఆరేసి చక్రాలు. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఒక మెలిపడే కడ్డీ మీద ఆధారపడి వుంటుంది. అదీ మెలిపడే ఉక్కే, ఇదీ మెలిపడే ఉక్కే. అక్కడ ప్రతి చక్రానికీ స్వాతంత్ర్యం ఇచ్చింది. ఇక్కడ రెంటికీ ముడి వేసింది. ఎద్దుల పేరు పెట్టుకున్న వూళ్ళో కాడి లేని బండి తయారు కావడం తెలుగు పంతులుకు ముచ్చటగా వుండదా మరి!

అమెరికావారి జీప్ రాంగ్లర్‌లో రూబికాన్ అనే రకం వుంది. 2007 నాటి మోడలు నుంచి దానికి ఈ కడ్డీని విడదీసే మీట లోపలే అమర్చారు. డ్రైవరు మీట నొక్కితే కడ్డీ మధ్యకు విడిపోతుంది. అందులో నాకు నచ్చింది విడిపోవడం కాదు. గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగం దాటగానే అది తనంతట తానే మళ్ళీ కలుసుకుంటుంది. డ్రైవరు మరిచినా యంత్రం మరవదు. ఆ బండి ధర మనబోటి వాళ్ళు అడగకూడదు. అందుకే మనవాళ్ళు లేతు దుకాణాలకు పోతున్నారు.

నాకు ఎరుకైన లేతు మేస్త్రి పటాన్‌చెరులో ఒకాయన వున్నాడు. ఆయన ఈ పనికి నమూనాగా తీసుకున్నది ట్రాక్టరును. ట్రాక్టరు వెనుక నాగలి తగిలించే టాప్ లింక్ సీల చూశారు కదా? పానాతో పని లేదు; సీల దూర్చి, కొసన అడ్డంగా రింగు వున్న చిన్నసీల వేస్తే సరి. పాత ఎద్దుబండి ఇరుసుకు చక్రం జారకుండా వేసే సీలకు ఇది మనుమరాలు. అయితే ట్రాక్టరు సీల 19 మిల్లీమీటర్ల లావు, మన లింకు బోల్టు ఎక్కువగా 10, 12 మిల్లీమీటర్లు. కనుక కొలత తీసి, అదే పద్ధతిలో సన్నసీల తిప్పించాలి. లింకు కింది బోల్టు స్థానంలో ఆ సీల వేస్తారు. ఖర్చు వందల్లో పోతుంది, వేలకు పోదు.

“కడ్డీ ఇరుగది సారూ, సీలనే ఊడ్తది. పైసలు గా సీల మీద పెట్టుండ్రి” అన్నాడాయన. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పొదుపు చేయదగిన చోట్లు వున్నాయి: రంగు అక్కరలేదు, మెరుగు అక్కరలేదు, పైన పేరు చెక్కించుకోనక్కరలేదు. సీల మాత్రం మెత్తని ఇనుప ముక్కతో కాదు, ఈఎన్ 24 లాంటి గట్టి ఉక్కుతో చేయించాలి. రంధ్రంలో అది చేత్తో దూరాలి కాని కదలాడకూడదు. కదిలిందా, రోజూ కొట్టుకుని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. చిన్నసీల బదులు తీగముక్క చుట్టడం పిసినారితనం కూడా కాదు, పిచ్చితనం. అన్నిటికంటె ముఖ్యం, ఆ స్టెబిలైజర్ కడ్డీకి వెల్డింగు పెట్టనీయకండి. అది స్ప్రింగు ఉక్కు. వేడి తగిలిన చోట దాని పదును పోతుంది, తరువాత ఎప్పుడో చెప్పకుండా విరుగుతుంది.

సీలలు తీసేది చదును నేల మీద. బండి ఒరిగి వుంటే కడ్డీ బిగుసుకుని సీల రాదు. సుత్తితో కొట్టబోతే వేళ్ళు పోతాయి. రెండు వైపులా తీయాలి. ఊడిన కొసలు బ్రేకు గొట్టానికీ టైరుకూ తగలకుండా పైకెత్తి కొక్కేనికి గట్టిగా కట్టాలి. కడ్డీ విప్పిన ఇరుసు ఇదివరకటి కంటె కిందికి జారుతుంది కనుక, జాకీ ఎత్తి చక్రం వేలాడదీసి, బ్రేకు గొట్టం లాగుకుపోతున్నదేమో ముందే చూసుకోవాలి. జిమ్నీ, పాత జిప్సీ లాంటి ఒకే ఇరుసు బళ్ళకు దీనివల్ల బాగా ప్రయోజనం. 2020లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు విడివిడిగానే వుంటాయి. శ్రమకు తగిన ఫలితం రాదు.

ఇక తల్లిదండ్రులు చెవిని వేసుకోవలసిన మాట. సాయంకాలం ఆ బండే ఇంటికి వస్తుంది. సోమవారం ఆ బండిలోనే అమ్మమ్మను ఆస్పత్రికి, పిల్లలను బడికి తీసుకుపోతారు. జహీరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి లారీలతో కిటకిటలాడుతుంది. ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే 2023 నుంచి 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి వుంది. ఆ వేగంలో ఎదుట గేదె అడ్డం వచ్చి స్టీరింగు చటుక్కున తిప్పితే, కడ్డీ లేని ఎత్తుబండి ఎంతగా ఒరుగుతుందో ఊహించుకోండి. రూబికాన్ తనంతట తాను కలుసుకుంటుంది. మన సీల కలుసుకోదు. అది జేబులో వుంటుంది, లేదా కడిగిన పాంటుతోబాటు దండెం మీద వుంటుంది.

అందుకని మేస్త్రి తన దగ్గరికి వచ్చేవాళ్ళకు ఎర్రగుడ్డ పేలికలు రెండు ఉచితంగా ఇస్తాడు. తీసిన సీలలకు వాటిని కట్టి, స్టీరింగుకు తగిలించాలి. చేతికి తగులుతుంటే ఎవరూ మరవరు. సీల లేకుండా 30 కిలోమీటర్లు దాటకూడదన్నది ఇంట్లో నియమం చేసుకోవచ్చు.

చట్టం మాటా వుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అరికడుతుంది. 2019 సవరణ తరువాత ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుచేత అసలు లింకునూ అసలు బోల్టులనూ పాత ఇనుములో అమ్ముకోకండి. గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టండి. షికారు లేని నెలల్లో అవే వేసి వుంచడం మంచిది.