ఆడబిడ్డ ఇంటికి పండుగ

ఉగాది ఉదయం కడప శివార్లలోని దేవుని కడపకు వెళ్తే, లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ముందు వరుసలో ముస్లిం కుటుంబాలు కనిపిస్తాయి. చేతుల్లో కొబ్బరికాయలు, బెల్లం, వేపపూత. స్వామి దేవేరిగా కొలిచే బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అన్నది వాళ్ల నమ్మకం. అమ్మాయికి సారె తీసుకెళ్లినంత మామూలుగా వెళ్తారు. ఆ రోజు మాంసం ముట్టని ఇళ్లూ ఉన్నాయి. నాంచారి చరిత్రలో ఎవరన్న చర్చ పండితులు చేసుకోవచ్చు. ఊరివాళ్లకు ఆ చుట్టరికం చాలు.

ఇలాంటి కలయిక సంగీతంలోనూ ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో వాయించారు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

ఈ సంచికలో ఎక్కువ చోటు ఇచ్చింది మాత్రం పేరులేని స్నేహాలకు. నేస్తం ఇంట బతుకమ్మ పేర్చడానికి తంగేడు కోసుకొచ్చే అమ్మాయి, వినాయకుడి పందిరికి రాత్రంతా గుంజలు పాతే కుర్రాడు తమ మతాన్ని గుమ్మం బయట విడిచి రావడం లేదు. ఆటలో కలిసి, గౌరమ్మ పూజ వేళకు పక్కన నిలబడే అమ్మాయీ ఉంటుంది. బొట్టు పెట్టుకోమని, ప్రసాదం తినమని ఆమెను బలవంతపెట్టడం అన్యాయం. ఎంతవరకు కలవాలో తేల్చుకునేది ఆమే. ఇంత చిన్న మర్యాద తెలియక దూరమైన స్నేహాలు నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఊరి పండుగల్లో ఇలాంటి కలయికలు ఉంటే రాయండి, వచ్చే సంచికలోనూ వేస్తాం.