ఆయాసం వస్తే కంచం మీదేనా కోపం?

పిల్లలకి ఆయాసం రాగానే మన ఇళ్లలో ముందు శిక్ష పడేది కంచానికే. పెరుగు మాన్పించు, అరటిపండు పెట్టకు, గుడ్డు ముట్టనివ్వకు అంటూ తలో మాటా చెబుతారు. పైగా "నువ్వేం పెట్టావు?" అని తల్లినే నిలదీస్తారు. మా చోడవరంలో ఇలా పథ్యాలతో చిక్కిపోయిన పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. పిల్లికూతలు మాత్రం తగ్గవు!

తిండికీ ఉబ్బసానికీ సంబంధం లేదా అంటే, ఉంది. పాలు, గుడ్డు, వేరుశనగ, రొయ్యల వంటివి పడని పిల్లల్లో ఉబ్బసం ఎక్కువ. అయితే పడని తిండి గుట్టుగా ఉండదు. సాధారణంగా తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపే దద్దుర్లో, పెదవుల వాపో, వాంతులో కనిపిస్తాయి. తిన్నప్పుడల్లా దాదాపు అదే వరస. ఇవేవీ లేకుండా ఒక్క ఆయాసమే వస్తోందంటే చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. జలుబు, పరుపులో దుమ్ము, దోమల కాయిల్ పొగ, ఇంట్లోవాళ్ల సిగరెట్టు... ముందు వీటిని చూడండి.

బెల్లం పండే మన ప్రాంతానికి ఇంకో మాట. బెల్లం పచ్చగా మెరవాలని కొందరు 'హైడ్రోస్' కలుపుతారు. దానివల్ల మిగిలే గంధకపు రసాయనం ఉబ్బసం ఉన్న కొందరికి ఆయాసం రేపుతుంది. అది బెల్లం తప్పు కాదు, కలిపినదాని తప్పు. ముదురు రంగు బెల్లం కొంటే పోయేదేముంది?

అనుమానం ఉంటే రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో రాయండి. బిడ్డ ఏం తిన్నాడు, ఎన్ని గంటలకి, ఆయాసం ఎప్పుడొచ్చింది అని. అది డాక్టరుకి చూపించండి. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని తీర్మానించకూడదు. అవసరమైతే ఆస్పత్రిలో డాక్టరు కళ్లెదుట కొద్దికొద్దిగా తినిపించి తేలుస్తారు. ఆ ప్రయోగం ఇంట్లో చేయకండి.

నిజంగా పడదని తేలిందా, ఇక పెళ్లి భోజనాల్లోనూ పట్టు సడలించొద్దు. "ఒక్క ముక్కకేమవుతుందే" అనే పెద్దలుంటారు. ఉబ్బసం కూడా ఉన్న బిడ్డకి ఆ ఒక్క ముక్కే ప్రాణం మీదికి తేవచ్చు. తిన్నాక దద్దుర్లతోపాటు ఆయాసం వస్తే ఇన్‌హేలర్ ఒక్కటే చాలదు, ఎడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

అంతవరకూ, అనుమానంతో పసివాడి నోటి దగ్గర గుడ్డు, పాలు లాగేయకండి. ఎదిగే ఒంటికి అవి కావాలి. ఈసారి ఎవరైనా "ఏం పెట్టావు?" అని అడిగితే, ఆ నోటుపుస్తకం తీసి చూపించండి.