ముందు ప్లగ్ విప్పి చూడండి

మీ ఇంట్లో నాన్నగారి పాత బండి మూలన పడి ఉందా? పాత ఇనుముకి వేసేయకండి. ఇంటర్వ్యూకి పనికొచ్చే పాఠం ఒకటి అందులో ఉంది.

నేను చదివింది మెకానికల్. గాజువాక నుంచి రుషికొండ ఐటీ కొండకి ఇంటర్వ్యూకి బయల్దేరితే, ఎన్ఏడీ దాటగానే మా పాత స్ప్లెండర్ ఆగిపోయింది. పావుగంట తర్వాత కిక్ కొడితే మామూలుగా స్టార్టయింది. హనుమంతవాక దగ్గర మళ్లీ ఆగింది. ఆ ఇంటర్వ్యూ పోయింది. తర్వాత షెడ్డులో ప్లగ్ మార్చారు, కార్బ్యురేటర్ కడిగారు, కాయిల్ కూడా మార్చారు. డబ్బులు వదిలాయి గానీ జబ్బు వదల్లేదు.

చివరికి దొరికిన దొంగ ఎవరో తెలుసా? పెట్రోల్ ట్యాంక్ మూత. దానికుండే సన్నని గాలి దారి దుమ్ముతో పూడిపోయింది. పెట్రోల్ కిందికి దిగుతుంటే పైనుంచి గాలి రావాలి. రాకపోతే కాసేపటికి పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. బండి ఆగిన వెంటనే మూత తీసి, మళ్లీ కిక్ కొట్టి ఉంటే రోడ్డు మీదే తెలిసిపోయేది. అలా చేసినా స్టార్ట్ కాకపోతే, అప్పుడు వేడికి మొరాయించే ఇగ్నిషన్ కాయిల్‌ని అనుమానించాలి. షెడ్డువాళ్లని ఏమనను? నాలుగేళ్లు ఇంజిన్ గురించి చదివిన నాకే 'ఎందుకు ఆగింది?' అని అడగాలని తోచలేదు.

ఇంజిన్‌కి కావాల్సినవి నాలుగు: పెట్రోల్, గాలి, కంప్రెషన్, సమయానికి స్పార్క్. కాసేపు కిక్ కొట్టాక ప్లగ్ విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. ట్యాప్, పైపు, కార్బ్యురేటర్ వరసగా చూడండి. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, ముందుగా స్పార్క్ సంగతి చూడాలి. చోక్ వేస్తే నడిచి, తీయగానే ఆగిపోతోందా? పైలట్ జెట్‌లో అడ్డు ఉండొచ్చు, లేదా ఎక్కడో గాలి లీకవుతూ ఉండొచ్చు. నెలల తరబడి కదలని బండిలో పెట్రోల్ ఆరిపోయి, జిగురులా పేరుకుని ఆ సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది.

స్పార్క్ కోసం ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగం ఇంజిన్‌కి తగిలేలా ఉంచి కిక్ కొట్టాలి. దానికి ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేయండి, ఒలికిన పెట్రోల్ తుడిచేయండి, ప్లగ్‌ని సిలిండర్ రంధ్రానికి దూరంగా ఉంచండి. ప్లగ్‌ని వట్టి చేత్తో పట్టుకోవద్దు. స్పార్క్ లేకపోతే వెంటనే కాయిల్ కొనేయకండి. మన వైజాగ్ ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పడతాయి. ముందు వాటిని శుభ్రం చేసి చూడండి.

'2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది, కొత్త బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షనే కదా, ఇంకా కార్బ్యురేటర్ ఎందుకు గురూ?' అంటారేమో. నిజమే. కానీ స్కానర్ చూపించే కోడ్ తేడా ఎక్కడ కనిపించిందో చెబుతుంది. దానికి కారణం సెన్సారా, వైరా, ఇంకేదైనానా అన్నది మనిషే తేల్చాలి. స్టీల్ ప్లాంట్‌లో కన్వేయర్ ఆగినా, పోర్టులో క్రేన్ మొరాయించినా, మీరు రాసిన ప్రోగ్రామ్ క్రాష్ అయినా పని ఇదే. ఒక్కటి అనుమానించాలి, ఒక్కటి పరీక్షించాలి, ఒక్కటే మార్చాలి. మూడూ ఒకేసారి మార్చేస్తే, బండి నడిచినా జబ్బేంటో మీకు తెలియదు.

అందుకే నా మాట ఒకటే. రెజ్యూమెలో 'ప్రాబ్లం సాల్వింగ్' అని రాసే ముందు ఒక్క సమస్యనైనా మొదటినుంచి చివరిదాకా మీరే పట్టుకోండి. ఏం అనుమానించారో, ఏం పరీక్షించారో, ఎక్కడ పొరబడ్డారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో 'మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి' అని అడిగితే, బట్టీ పట్టిన జవాబు కోసం తడుముకోవాల్సిన పనిలేదు. ఈ ఆదివారం ఆ బండి మీద గుడ్డ తీయండి. ఇరవై ఒకటో నంబర్ ప్లగ్ స్పానర్ సరిపోతుందో లేదో కూడా మీరే కొలిచి చూసుకోండి.