మతి పోయినవాడికి సరదా ఎందుకట!

మొన్న శుక్రవారం లంచ్ టైములో మా టీములో పెద్ద పంచాయితీ జరిగింది. ముద్దాయి మా పక్కింటి అమెరికన్ మామ్మగారు. నేరం ఏమిటయ్యా అంటే, డిమెన్షియా ఉన్న మొగుణ్ణి రెండు వారాలకోసారి కాసినోకి తీసుకెళ్ళడం. జడ్జీలు నలుగురు తెలుగువాళ్ళు, నాతో కలిపి. సాంబారన్నం అయ్యేలోపు తీర్పొచ్చేసింది. "ఏం మనిషండీ ఆవిడ! ఒంట్లో బాగాలేని మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి చూసుకోవాలిగానీ, జూదానికి తీసుకుపోతుందా?"

అప్పుడు నేనేం మాట్లాడలేదు. (మాట్లాడాల్సినవన్నీ నాకు ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే గుర్తొస్తాయి. అదో జబ్బు.) అందుకని నా వాదన ఇక్కడ వినిపించుకుంటున్నాను.

మేముండేది కనెక్టికట్లో. ఇక్కడికి మనవాళ్ళని తీసుకొచ్చేవి ఇన్సూరెన్సు కంపెనీలు, ఇక్కడి ముసలివాళ్ళని ఇంట్లోంచి బయటికి తీసుకొచ్చేవి కాసినోలు. చెట్లూ గుట్టల మధ్య రెండు పేద్ద కాసినోలున్నాయి: 1992లో మొదలైన ఫాక్స్‌వుడ్స్, 1996లో మొదలైన మొహీగన్ సన్. రెండూ స్థానిక నేటివ్ అమెరికన్ తెగలవి. తెగల జూదశాలల గురించి 1988లో కేంద్ర చట్టం వచ్చాక మొలిచినవి. సినిమాల్లో చూపించినట్టు అక్కడ కోట్లూ సూట్లూ ఉంటాయనుకునేరు. పనిరోజుల్లో పొద్దున వెళ్ళి చూడండి, ఊతకర్రలూ చక్రాల కుర్చీలూనూ.

పోయిన నవంబర్లో, థాంక్స్‌గివింగ్ మర్నాడు, ఆవిడ కారు షెడ్డులో ఉంటే నేనే వాళ్ళిద్దరినీ తీసుకెళ్ళాను. ఆవిడ పద్ధతి ఇదీ: ఒక కవర్లో రెండు ఇరవై డాలర్ల నోట్లు. క్రెడిట్ కార్డూ, బ్యాంకు కార్డూ ఇంట్లోనే. ఆయన జేబులో చిల్లిగవ్వ ఉండదు, పేరూ ఆవిడ ఫోన్ నంబరూ రాసిన కాయితం మాత్రం ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. డబ్బులు వేసేది ఆవిడ, బటన్ నొక్కేది ఆయన. గంట మోగినప్పుడల్లా ఆయన "ఇంక రేపట్నించి పనికెళ్ళక్కర్లేదు!" అంటాడు. రిటైరై పదిహేనేళ్ళు దాటింది. నేనున్న గంటన్నరలో ఆ మాట ఓ ఇరవైసార్లన్నా అనుంటాడు. అవతలి మెషీన్ దగ్గరున్న ముక్కూమొహం తెలీనావిడ ఇరవైసార్లూ నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు పక్కింటావిడ అన్నమాట నాకింకా చెవుల్లోనే ఉంది. "ఇంట్లో ఆయన పేషెంటు, నేను నర్సుని. డాక్టరు దగ్గరికెళ్తే ఇవాళ తారీఖెంత అని అడుగుతారు, చెప్పలేక చిన్నబోతాడు. ఇక్కడ ఎవరికీ తారీఖు గుర్తుండదు. ఇక్కడ మేం మొగుడూ పెళ్ళాలం."

సరే, ఇప్పుడు మన జడ్జీగార్ల అభియోగాలు ఒక్కోటీ చూద్దాం.

మొదటిది: డబ్బు తగలేస్తోంది. లెక్కలు మనకి వచ్చు కదా, వేద్దాం. ఒక్కో స్పిన్నుకి నలభై సెంట్లు, గంటకి మూడొందల స్పిన్నులు, ఇల్లు మిగుల్చుకునేది నూటికి ఎనిమిది అనుకుందాం. మెషీన్లోకి వెళ్ళే పందెం మొత్తం 120 డాలర్లు, సగటున పోయేది తొమ్మిది డాలర్ల అరవై సెంట్లు. గంటకి పది డాలర్లు! మహా అయితే ఆ కవర్లో నలభై పోతాయి. పాప్‌కార్న్‌తో కలిపి మనం తెలుగు సినిమా ప్రీమియర్ షోకి పెట్టే ఖర్చుతో పోల్చుకోండి. ఆ సినిమా బాగోకపోయినా ఎవరూ మనల్ని బోనెక్కించరు.

రెండోది: ఇంటికొచ్చేసరికి మర్చిపోతాడు, ఇంక సరదా ఎందుకు? ఈ మాట అన్నవాడికి మాస్టర్స్ డిగ్రీ ఉంది కాబట్టి కాస్త సైన్సే చెప్తాను. 2014లో అయోవా యూనివర్సిటీవాళ్ళు అల్జీమర్స్ ఉన్న పదిహేడుమందికి ఏడిపించే వీడియోలు కొన్ని, నవ్వించేవి కొన్ని చూపించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్ళకి పెద్దగా గుర్తులేదు. ఆ దిగులూ ఆ సంతోషమూ మాత్రం మనసులో ఉండిపోయాయి. అంటే సంగతి పోతుంది, దాని తాలూకు రుచి కాసేపు ఉంటుంది. అసలు గుర్తుండటమే కొలమానమైతే పోయినేడాది మీరు తిన్న భోజనాల్లో ఎన్ని గుర్తున్నాయో చెప్పండి. గుర్తులేనివన్నీ దండగేనా?

మూడోది అసలైనది: జూదం పాపం, చూడు ధర్మరాజు ఏమయ్యాడో. ధర్మరాజు తప్పు పాచికలు పట్టుకోవడం ఒక్కటే కాదు మహాప్రభో. పందెం ఒడ్డే హక్కు లేనివాళ్ళని ఒడ్డాడు, చాలించమని చెయ్యి పట్టుకుని లాగేవాడు సభలో ఒక్కడు లేడు. ఇక్కడ ఒడ్డేది నలభై డాలర్లు, చెయ్యి పట్టుకునే మనిషి పక్క కుర్చీలోనే ఉంది. అయినా సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేలకి లీవు పెట్టేవాళ్ళూ, గోవా ట్రిప్పులో కాసినో పడవ మీద దిగిన ఫొటోలు దాచుకునేవాళ్ళూ, పెళ్ళింట్లో తెల్లారేదాకా పేకాడేవాళ్ళూ ఆవిడకి నీతులు చెప్పడం ఎబ్బెట్టుగా లేదూ?

ఇంత ఆవేశం నాకెందుకంటే, దీంట్లో నేనూ ఒక ముద్దాయినే.

మా తాతయ్య రమ్మీ బ్రహ్మాండంగా ఆడేవాడు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆటే అని 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాదు క్లబ్బు కేసులో చెప్పిందని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మతో రెండాటలు, పందెం చింతగింజలు. తరవాత్తరవాత మతిమరుపు వచ్చింది. మొదట చాదస్తం అన్నారు, పెద్దతనం అన్నారు, చివరికి డాక్టరు అల్జీమర్స్ అన్నాడు. జోకరేదో మర్చిపోయేవాడు, లేని సీక్వెన్సుకి షో చెప్పేవాడు. ముక్కలు కలపడం మాత్రం ఎప్పట్లాగే, చేతుల్లోంచి జలజలా జారేవి. (చేతులకి వేరే జ్ఞాపకం ఉంటుంది. 1953లో ఇదే రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్‌లో, మూర్ఛ తగ్గించడానికి చేసిన మెదడు ఆపరేషన్‌తో హెన్రీ మొలైసన్ అనే ఆయన కొత్త జ్ఞాపకాలు దాచుకునే శక్తి పోగొట్టుకున్నాడు. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం మాత్రం రోజురోజుకీ మెరుగుపడింది, అంతకుముందు గీసినట్టు ఆయనకి గుర్తే లేకపోయినా.)

ఒకసారి సంబంధం మాట్లాడ్డానికి ఎవరో వచ్చినప్పుడు తాతయ్య వాళ్ళని కూడా ఆటకి పిలిచి, ముక్క ముక్కకీ "నీ పేరేంటన్నావ్?" అని అడిగాడు. ఆ సాయంత్రమే పేక కట్ట మాయమైంది. మా మావయ్య తియ్యమన్నాడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్న నేను స్టూలెక్కి అటక మీద పాత బిందెలో దాచాను. పరువు! తాతయ్య కొన్నాళ్ళు దిండు కిందా, పంచె మడతల్లో వెతుక్కున్నాడు. ఆ తరవాత ఏం వెతుకుతున్నాడో మర్చిపోయాడు. వెతకడం మాత్రం మానలేదు. దాన్ని మేము జబ్బు ముదరడం అన్నాం.

ఇంత చెప్పి, అందరూ ముసలివాళ్ళని కాసినోలకి తోలెయ్యండని నేననట్లేదు. ఆ మెషీన్లు పరమ దొంగవి. బటన్ నొక్కిన క్షణంలోనే రాండమ్ నంబర్ ప్రోగ్రామ్ ఫలితం తేల్చేస్తుంది, ఆ తిరిగే చక్రాలన్నీ ఉత్త నాటకం. నలభై సెంట్లు పెట్టి పదిహేను గెలిచినా గంటలు మోగిస్తుంది, అంటే పాతిక సెంట్లు పోయినందుకు సన్నాయి మేళం అన్నమాట. పైగా అన్ని డిమెన్షియాలూ ఒకటి కాదు. ఫ్రాంటోటెంపోరల్ రకంలో చాలామందికి జ్ఞాపకం కంటే ముందు అదుపు పోతుంది. పార్కిన్సన్స్‌కి వాడే ప్రమిపెక్సోల్ లాంటి మందుల వల్ల కొందరికి జూదం పిచ్చి పట్టుకుందని 2005లోనే మేయో క్లినిక్ డాక్టర్లు రాశారు. అలాంటివాళ్ళకి ఆ గుమ్మం విషం. కార్డు ఆయన చేతిలో ఉండి, ఒంటరిగా వెళ్తుంటే అది సరదా కాదు, దోపిడీ.

కాబట్టి కోప్పడాలంటే కోప్పడాల్సిన చోటు వేరే ఉంది. మతి తప్పిన మనిషి పేరు మీద కూడా ఫ్రీ ప్లే కూపన్లు పోస్టులో వస్తూనే ఉంటాయి. ఆవిడే వాటిని చించి పారేస్తుంటుంది. సింగపూర్లో కుటుంబసభ్యులు అర్జీ పెట్టి తమ మనిషిని కాసినోలోకి రానివ్వకుండా ఆపించే పద్ధతుంది. ఇక్కడ చాలాచోట్ల ఎవరి పేరు వాళ్ళే నిషేధం లిస్టులో రాయించుకోవాలి. తన పేరే తెలీని మనిషి ఎలా రాయించుకుంటాడు? దీని గురించి అడగం. నలభై డాలర్ల కవరు పట్టుకెళ్ళిన ముసలావిడని మాత్రం నిలదీస్తాం.

ఎందుకంటే మనకి ఆవిడ సావిత్రిలా ఉండాలి. రోగి మంచం పక్కన కన్నీళ్ళతో కూర్చుంటే "ఆహా, ఎంత సేవ!" అంటాం. అదే మనిషి ఆ మొగుడితోనే కలిసి నవ్వితే అనుమానం. సేవ చేసేవాళ్ళు సంతోషపడితే సేవ తగ్గిపోతుందా? 2023లో అచ్చయిన ఒక అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, మొత్తం 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది. ఆ ఇళ్ళల్లో పక్కనే ఇంకో మనిషి ఉంటుంది, ఎక్కువగా ఆడమనిషే. ఆ రెండో మనిషి లెక్క ఎవరు తీస్తారు?

తాతయ్య పోయి నాలుగేళ్ళయింది. శుక్రవారం పంచాయితీ తరవాత ఆ రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేసి పేక సంగతి చెప్పేశాను, నేనే దాచానని. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత అంది, "నాకు తెలుసురా. బిందె తియ్యడానికెక్కితే కనపడింది. దింపుదామనుకున్నాను. ఆయన కోసమనే కాదు, నాకూ ఆడాలనిపించేది. ముసల్దానికి ఇప్పుడు ఆటలేమిటని మీరంతా నవ్వుతారని ఊరుకున్నా."

రేపు లంచ్‌లో ఈ సంగతి చెప్తాను. అప్పుడు కూడా మా జడ్జీలు తీర్పు మార్చుకోకపోతే సాంబారు పంచుకోవడం బంద్. మీ ఇంట్లో అటక మీద బిందె ఏదన్నా ఉంటే, అందులో ఏముందో ఒకసారి చూసుకోండి. మీ తాతయ్యలు ఇంకా ఉన్నారేమో.