గృహస్థుని పూజ

మిర్యాలగూడ బియ్యపు మిల్లులో బస్తాలు మోయు హమాలీ యొకడు, నా తరగతిలోని బాలుని తండ్రి, ఒకనాడు నన్నిట్లడిగెను: “గుడికి పోయేటందుకు తీరుబాటు లేదు సారూ, పాపం తగుల్తదా?” ఆ ప్రశ్న విని నేను సిగ్గుపడితిని. వేకువనే లేచి, ప్రొద్దు గ్రుంకువరకు బరువులు మోసి, ఆలుబిడ్డలకు అన్నము పెట్టువాడు తాను పాపినేమో యని భయపడునట్లు చేసినదెవరు? చదువుకొన్న మనమే.

భక్తి యనగా తీరికగలవారి వ్యాపకమని లోకమునకు నేర్పితిమి. అప్పుచేసి తీర్థయాత్రకు పోయినవానిని పుణ్యాత్ముడందుము. ఆ యప్పు తీర్చుటకై పొలములో నడుము వంచిన భార్యను సంసారమున మునిగినదందుము. ఇది యెక్కడి న్యాయము?

మన శాస్త్రములే దీనిని సమ్మతింపవు. అరణ్యపర్వములో తలిదండ్రులను విడిచి వేదాధ్యయనమునకు పోయిన కౌశికునికి బుద్ధి చెప్పినవారెవరు? మొదట ఇంటిపనిలో మునిగియున్న యొక యిల్లాలు. పిదప మిథిలానగరములో మాంసము విక్రయించు వ్యాధుడు. ఆ వ్యాధుడు తన వృద్ధులైన తలిదండ్రులనే తన దైవములుగా చూపెను. తక్కిన మూడాశ్రమములకును గృహస్థుడే ఆధారమని మనుస్మృతియు నొప్పుకొన్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో చాకలి మాచయ్యను మహాభక్తునిగా కీర్తించెను. పాశ్చాత్యులలోను, 17వ శతాబ్దిలో పారిసు నగరపు మఠములో వంటచేసిన లారెన్సు వంటపాత్రల నడుమనే దైవసన్నిధి ననుభవించెను.

అయితే ఇచ్చట నొక మోసమునకు దారి కలదు. ‘పనియే పూజ’ యను మాట కూలివాని నోట ధర్మము. కూలి యెగగొట్టువాని నోట వంచన. నిజాము పాలనలో ఈ సీమ వెట్టిచాకిరిని చవిచూచినది. వెట్టిని ఖండించిన ఆంధ్రమహాసభ 1941లో కోదాడ చెంతనున్న చిలుకూరున సమావేశమైనది. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ సాయుధపోరాటమునకు సూర్యాపేట ప్రాంతమొక ఆయువుపట్టు. వెట్టివానితో ‘నీ పనియే పూజ’ యని చెప్పుట పూజనే అపహసించుట. ఫలము ఇల్లు చేరని శ్రమ బలియే కాని పూజ కాదు.

గీత ఫలాపేక్ష వలదన్నది గదా యని కొందరందురు. గీత పని చేయువానికి ఫలాసక్తి వలదన్నది. చేయించుకొనువానిని కూలి యెగగొట్టుమనలేదు!

1967లో నాగార్జునసాగరపు ఎడమకాలువకు నీరు విడిచిన పిదప ఈ ప్రాంతము వరిపొలములతో పచ్చబడినది. ఆ వడ్లే మిర్యాలగూడ మిల్లులలో బియ్యమై, దేవునికి నైవేద్యమగుచున్నవి. ఆ బియ్యమును వీపున మోసినవాడు గుడికి రాలేదని నిందింతుమా? “నీవు మోసినదే స్వామికి నివేదన, నాయనా, నీకు పాపము లేదు” అని అతనికి చెప్పితిని.

చదువరులారా! గుడికి పోవుట మానుడని నేననను. పోవుటకు ముందు, మీ యింట అంట్లు తోము ఆమెకు ఈ నెల జీతము ముట్టినదా యని విచారించి మరీ పొండు. ముట్టకున్నచో మీ పూజ ఇంటియొద్దనే మిగిలియున్నదని తెలిసికొనుడు.