మెత్తని బూట్లు మంచివే, మైదానం సంగతి ఎవరు చూస్తారు?

తెల్లవారుజామున 5 గంటలకు వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు మీదుగా వర్ధన్నపేట, రాయపర్తి వైపు వెళ్లే బస్సుల డ్రైవర్లు హారను మీద నుంచి చెయ్యి తీయడానికి వీలుండదు. రోడ్డు వారన యువకులు, యువతులు బారులు తీరి పరిగెత్తుతుంటారు. పోలీసు ఉద్యోగం కొందరి ఆశ అయితే, సైన్యంలో అగ్నివీర్ కొలువు మరికొందరి ఆశ. కొన్నేళ్ల క్రితం వీరి కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లో, రబ్బరు చెప్పులో ఉండేవి. వట్టి కాళ్లతో పరిగెత్తేవారూ తక్కువేమీ కాదు. ఇప్పుడు ఎవరి కాళ్లు చూసినా రెండు వేళ్ల మందాన మెత్త ఉన్న రంగురంగుల బూట్లే. వీటికి కుర్రకారు పెట్టుకున్న పేరు ‘కుషన్ షూ’.

ఈ బూట్ల వల్ల మేలెంత, ఖర్చెంత, కీడెంత అనేది ఆలోచించవలసిన విషయం. ఇది షోకు సంగతి కాదు. ఇంట్లో దాచుకున్న నాలుగు రూకలకూ, పిల్లల కాళ్లకూ, చివరకు ఒక ఉద్యోగానికీ సంబంధించిన సంగతి.

తొడిగినవారి మాట

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనూ, చుట్టుపక్కల మండలాల రోడ్ల మీదా పరిగెత్తే వారిని కదిలిస్తే మాటలు తలా ఒక తీరుగా వస్తున్నవి.

సైన్యం పరీక్షకు తయారవుతున్న ఒక యువకుడు ఈ బూట్లను మెచ్చుకుంటున్నాడు. “మొదటి రోజు దూది మీద నడిచినట్టే ఉండె. తారు రోడ్డు మీద ఉరికి ఉరికి మోకాలి కింద ఎముక సలుపుతుండె. పదిహేను రోజులల్ల ఆ సలుపు తగ్గింది” అన్నాడు. పత్తి ఏరడానికి పోతూనే కానిస్టేబుల్ పరీక్షకు సాధన చేస్తున్న ఒక యువతి మాట వేరు. “సాఫు రోడ్డు మీద బాగనే ఉంటది. మలుపుకాడ మాత్రం కాలు పక్కకు ఒరుగుతది. బూటు ఎత్తుంది గద” అంటున్నది.

మరో యువకుడు ఆ ఒరగడానికి మూల్యం చెల్లించుకున్నాడు. పాఠశాల మైదానంలో కంకర రాయి మీద అడుగు పడి చీలమండ బెణికింది. నెల రోజులు మంచం పట్టాడు. ఇంకొకరు పేరున్న కంపెనీ గుర్తు వేసిన నకిలీ జోడు ఎనిమిది వందలకు కొన్నారు. “నెల తిరగకముందే అడుగు అప్పడమైంది” అని నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ నవ్వులో బాధ కనపడుతూనే ఉన్నది. వీరందరి మధ్య ఒక కుర్రవాడు ఇప్పటికీ వట్టి కాళ్లతోనే పరిగెత్తుతాడు. రోజూ ముందుండేది అతనే.

రోజూ పొద్దున మైదానంలో నడిచే ఒక రిటైర్డు వ్యాయామోపాధ్యాయుడు ఈ గొడవ అంతా విని ఒకటే మాట అన్నారు: “బూటు ఉరకదు బిడ్డా, కాలు ఉరకాలె. కాలుకు దెబ్బ తగులకుంట చూసుడే బూటు పని.”

మెత్తలో ఏమున్నది?

ఆయన మాటలో నిజమున్నది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ కాలి మీద పడే బరువు మనిషి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. అరవై కిలోల మనిషి కాలు ఒక్కో అడుగుకు నూట ఇరవై నుంచి నూట ఎనభై కిలోల బరువు మోస్తుందన్న మాట. 1,600 మీటర్లు ఉరికేసరికి పన్నెండు వందలకు పైగా అడుగులు పడతాయి. ఆ దెబ్బను కొంత మింగడానికే బూటు అడుగున గాలి బుడగలతో కూడిన నురగ పదార్థాన్ని వేస్తారు. బుడగలు నలిగి మళ్లీ లేస్తే కాలికి సుఖం. వాడగా వాడగా ఆ లేచే గుణం పోతుంది. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల పరుగుతో మంచి బూటు కూడా అలసిపోతుందని నిపుణులు చెబుతారు. రోజుకు 5 కిలోమీటర్లు పరిగెత్తేవారికి నాలుగైదు నెలల ఆయుష్షే. బూట్లను ఉతికి ఎండలో ఆరబెడితే ఆ కాస్త ఆయుష్షూ తగ్గుతుంది.

ఈ లావు మెత్తల వాడుక పాతదేమీ కాదు. 2009లో ఫ్రాన్సులో మొదలైన హోకా కంపెనీ బాగా మందమైన అడుగుతో బూట్లు తెచ్చినప్పుడు అవి వింతగా కనిపించాయి. తర్వాత మిగతా కంపెనీలన్నీ అదే బాట పట్టాయి. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా వీరుడు ఎలియుడ్ కిప్‌చోగె మారథాన్ దూరాన్ని గంటా 59 నిమిషాల 40 సెకన్లలో ముగించినప్పుడు అతని కాళ్లకున్నది నురగ మెత్త, కార్బన్ రేకు కలిపి చేసిన బూటు. అందరికీ ఒకే సమయంలో అదే మందం దొరకదనే తగాదా వచ్చి, 2020 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ రోడ్డు పందేల బూటు అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించరాదని కట్టుబాటు విధించింది.

ఇదంతా విని మన కుర్రవాళ్లు ఆ బూటు కొంటే తమకూ కొలువు వచ్చినట్టేనని అనుకుంటే పొరపాటు. ఆ రకం బూటుతో శక్తి ఖర్చు సుమారు 4 శాతం తగ్గుతుందని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో తేల్చారు. పరీక్షకు నిలబడింది 18 మంది ఆరితేరిన పరుగు వీరులు. తగ్గింది శక్తి ఖర్చు గానీ, గడియారంలో సెకన్లు కావు. పైగా కార్బన్ రేకు ఉన్న ఆ బూటు వేరు, సంతలో దొరికే మెత్త బూటు వేరు.

గాయం విషయానికి వస్తే తీర్పు రెండు వైపులా ఉన్నది. లగ్జెంబర్గ్‌లో 848 మంది పరుగరులకు బయటికి ఒకే తీరుగా కనిపించే బూట్లిచ్చి, లోపలి మెత్త మాత్రం కొందరికి గట్టిగా, కొందరికి మెత్తగా పెట్టి ఆరు నెలలు గమనించారు. 2020లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం గట్టి బూట్లవారికి గాయాల ప్రమాదం సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. విచిత్రమేమంటే మెత్త వల్ల మేలు కలిగింది తక్కువ బరువున్నవారికే. సన్నగా ఉండే మన పల్లె కుర్రవాళ్లకు ఇది పనికివచ్చే మాటే. అయితే 2018లో ఫిన్లాండ్ పరిశోధకులు మరీ లావు మెత్త బూట్లను పరీక్షించి, వేగంగా పరిగెత్తేటప్పుడు నేల దెబ్బ తగ్గకపోగా పెరిగిందని చూపారు. కాబట్టి మెత్త ఉంటే మేలు, మరీ మెత్త అయితే మేలని చెప్పలేము.

గడియారం అడిగేది వేరు

2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి ఇచ్చిన కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే పురుషులు ప్రతి 400 మీటర్ల చుట్టూ 1 నిమిషం 48 సెకన్లకు తిరిగితే గట్టెక్కినట్టే. అగ్నివీర్ ర్యాలీలో గడియారం ఇంకా కఠినం. 1,600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి 60 మార్కులు. అంటే ఒక్కో చుట్టుకు 82 సెకన్ల పైచిలుకు మాత్రమే.

ఈ లెక్క అందుకోవడానికి కావలసింది నెలల తరబడి క్రమం తప్పని సాధన. నోటిఫికేషన్ పడ్డాక చూద్దాంలే అని కూర్చుని, తర్వాత రెండు వారాల్లో రోజుకు పది కిలోమీటర్లు ఉరికే వారికే పిక్క ఎముక నొప్పి, మోకాళ్ల వాపు వస్తున్నవి. ఆ తప్పును ఏ మెత్తా దిద్దలేదు. కొత్త బూటు కొన్నవారు కూడా మొదటి రోజే పూర్తి దూరం పరిగెత్తకూడదు. వారం పది రోజులు పాత జోడు, కొత్త జోడు మార్చి మార్చి వాడాలి. పరీక్ష రోజున ముక్కు తెరవని కొత్త బూటు తొడగడమంటే కొరివితో తల గోక్కోవడమే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్లకు టోక్యోలో బూట్లు తొడిగి మళ్లీ గెలిచాడు. బూటు ఉన్నదా లేదా అన్నది రెండో సంగతి. ఆ కాళ్ల వెనుక ఉన్న సాధన మొదటి సంగతి. అంత దూరం పోనక్కరలేదు. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. కూలి పనులు చేసుకునే ఇంటి పిల్ల ఆమె. కోచ్ నాగపురి రమేశ్ శిక్షణ దొరికాకనే ఆ కాళ్ల బలం లోకానికి తెలిసింది.

అమ్మ సంఘం అప్పు

పేరున్న కంపెనీ మెత్త బూట్లు ఆరు వేల నుంచి పది పన్నెండు వేల దాకా పలుకుతున్నవి. 2025–26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆరు వేల జోడు అంటే ఇరవై రోజుల మట్టి పని. ఒక తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసి కొడుక్కి బూట్లు కొనిచ్చింది. “కొలువు వస్తే ఇదెంత? రాకపోతే ఇది గూడ నా మీదనే గద” అంటున్నది. ఆ మాటకు బదులు చెప్పగలవారు ఎవరు?

మన దేశపు కంపెనీల బూట్లు వెయ్యి నుంచి రెండు వేల అయిదు వందల లోపల దొరుకుతున్నవి. 2025 సెప్టెంబరు 22 నుంచి జోడు ధర 2,500 రూపాయల లోపుంటే జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18 శాతం. పరీక్షకు తయారయ్యేవారికి ఈ ధరలో మధ్యరకం మెత్త ఉన్న బూటు సరిపోతుంది. కొనేటప్పుడు సాయంత్రం పోవాలి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మేజోళ్లు తొడిగే చూసుకోవాలి. బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి. చెప్పులకు అలవాటైన మన పాదాలు వెడల్పు, కాబట్టి ముందు భాగం ఇరుకుగా ఉంటే ఎంత పేరున్న కంపెనీదైనా వద్దనాలి. దుకాణంలో నాలుగడుగులు ఉరికి చూడటానికి మొహమాటపడకూడదు. పేరు చూసి నకిలీ కొనేకంటే పేరు లేని అసలుది కొనడం మేలు.

ఎకరంలో ఎనిమిది చుట్లు

ఇంతకూ ఈ పిల్లలు తారు రోడ్డు మీద ఎందుకు పరిగెత్తుతున్నారు? మరో చోటు లేక. వరి కోతల కాలంలో రోడ్డు సగం వడ్ల కల్లమే. మిగిలిన సగంలో లారీలు, బస్సులు, వాటి మధ్య పిల్లలు. ఆడపిల్లలైతే చీకట్లో రోడ్డెక్కడానికి తోడు వెతుక్కోవాలి. పాఠశాల మైదానాల్లో రాళ్లు, గుంతలు. ఎత్తు బూటుతో అక్కడ పరిగెత్తితే చీలమండకు ముప్పు.

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. చాలా చోట్ల బోర్డు ఉన్నది, దాని వెనుక పిచ్చిమొక్కలూ ఉన్నవి. ఎకరం స్థలంలో పరుగు బాట ఎట్లా అని అడిగేవారున్నారు. ఎకరం చతురస్రంగా ఉంటే అంచు వెంట, మూలలు గుండ్రం చేసి, సుమారు 200 మీటర్ల చుట్టు పడుతుంది. ఎనిమిది చుట్లు తిరిగితే 1,600 మీటర్లు, నాలుగు తిరిగితే 800. మధ్యలో కబడ్డీ, వాలీబాల్ ఎప్పటిలాగే ఆడుకోవచ్చు. దీనికి కావలసింది నాలుగు ట్రిప్పుల మొరం, పంచాయతీ ట్రాక్టరు, రెండు రోజుల పని, ఒక సున్నం సంచి. ఆడపిల్లల కోసం రెండు దీపాలు వేస్తే ఇంకా మేలు.

మొరం నేల తారు రోడ్డంత గట్టిది కాదు. చదును చేసిన బాట ఉంటే సగం మెత్త నేలలోనే దొరుకుతుంది. అప్పుడు ఆ తల్లి సంఘం అప్పు రెండు వేలతో ఆగుతుంది. సర్పంచులు, మండల అధికారులు ఒక్క తెల్లవారుజామున ఖమ్మం రోడ్డు మీదికి వచ్చి చూస్తే చాలు, వినతి పత్రాలు వేరే అక్కరలేదు.