పద్యంలో దొర్లిన పదివేలు

మొన్న ఉగాదికి మన సంఘం వేదిక మీద నేనొక పద్యం చదివాను, గుర్తుందా? అదే, చదరంగం పద్యం. చప్పట్లు బాగానే పడ్డాయి. తప్పు చదివానని ఆ రాత్రి ఇంటికి వెళ్లాకగానీ తెలియలేదు.

కథ అందరికీ తెలిసిందే. చదరంగం పలకలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. ఈ ఇరవై అంకెలనూ ఒక్క చంపకమాలలో ఇమిడ్చిన పద్యం పావులూరి మల్లనదని చెప్పుకుంటారు. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలో తెలుగు చేసినవాడాయన. ఆ మహావీరాచార్యులు 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో ఉన్నవారు. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటం నేటి కలబురగి జిల్లాలో ఉంది. బళ్లారిలో కూర్చున్న మనకు ఈ లెక్కతో రెండు వైపులా చుట్టరికమే!

పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. గగనం అంటే సున్న, అగ్ని మూడు, వేదం నాలుగు, గిరి ఏడు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు రాసుకుంటూ పోవాలి.

మా మనవరాలికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ, ఈ సంస్కృతం మాటలు రెండు భాషలకూ ఒకటే కదా. ఆ రాత్రి నేను చెబుతుంటే అంకెలు వేసుకుంది. వేసుకుని అన్నీ కూడింది.

"తాతా, 88 వచ్చింది. అంటే మూడుతో పోదు. పోవాలి కదా?"

ఎందుకు పోవాలో తనే చెప్పింది. గళ్లను జతలుగా చూడండి. మొదటి జతలో 1, 2 కలిపి 3. తర్వాతి జత 12, ఆ తర్వాతిది 48. ప్రతి జతా ముందుదానికి నాలుగింతలు, కనుక అన్నీ మూడుతో పోతాయి. నాలుగేసి గళ్లు తీసుకుంటే మొదటి మొత్తం 15, అందులోకి 5 వచ్చింది. ఒక పూర్తి వరుసకు 255, అందులో 17 ఉంది. రెండు వరుసలయ్యేసరికి 257, నాలుగు వరుసలకు 65537 వచ్చి చేరతాయి. ఆ నాలుగు వరుసల మొత్తాన్ని 4294967297తో గుణిస్తే పలకంతా నిండుతుంది. ఈ ఆఖరుది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటివాడు నమ్మాడు. 1732లో ఆయిలర్ వచ్చి, కాదు, అది 641, 6700417ల లబ్ధమని తేల్చాడు. అంటే మన పద్యంలోని సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటీ ఒక్కసారే. గింజల కథ చెప్పేవాళ్లెవరూ ఈ సంగతి చెప్పరెందుకో!

మరి నా తప్పెక్కడ? ఫోనులో లెక్క కడితే మొదటి కొన్ని అంకెలు చూపి ఊరుకుంది. ఇద్దరం కాగితం మీద 64 సార్లు రెట్టించి, ఒకటి తీసేశాం. అయిదో మాట దగ్గర పట్టుబడ్డాను. 'శర' అనాల్సిన చోట 'రస' అన్నాను. శర అంటే ఐదు, రస అంటే ఆరు. రెండూ రెండేసి లఘువులే, గణం చెడలేదు, యతి తప్పలేదు, సభలో పండితులున్నా ఎవరి చెవికీ తగల్లేదు. గింజలు మాత్రం పదివేలు పెరిగాయి. (అంకెలు తారుమారైతే ఈ కూడిక పట్టుకోదు లెండి. పక్కపక్క అంకెలైతే 17తో భాగించి చూస్తే బయటపడుతుంది.)

ఆ పద్యం మా నాన్నగారి నోట విని నేర్చుకున్నది. తప్పు ఆయన దగ్గరే ఉందేమోనన్న అనుమానంతో నిద్ర పట్టలేదు. తెల్లవారాక అటక మీది పెట్టె దింపి ఆయన నోటుపుస్తకం తీశాను. 'శర' అనే ఉంది. పద్యం కింద పెన్సిలుతో 87 అని రాసి, గీత గీశారు. చిన్నప్పుడు అది పుట సంఖ్య అనుకునేవాణ్ణి.